ఐదో నరం

పళ్ళు తోముకోవటం గురించి కూడా రాస్తారా అని మీరు అడగొచ్చు. అడగండి. మా ఆకలి గురించి రాశారు. మా గుడిసెలు తగలబడ్డం గురించి రాశారు. మా మీద జరిగిన దాడుల గురించి కమిషన్లు కట్టలు కట్టలు రాశాయి. పొద్దున్నే లేచి మేమూ పళ్ళు తోముకుంటామనీ, తోముకునేటప్పుడు మా ఒంట్లోనూ ఏదో ఒకటి అవుద్దనీ ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నా.

నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు. ప్రకాశం జిల్లాలో ఒక మండల పరిషత్తు బడిలో పంతులమ్మని. 2012 డీఎస్సీలో వచ్చింది ఈ ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. మా నాయనది వేలిముద్ర, మా అమ్మది వేలిముద్ర. ఆ రెండు వేలిముద్రల కింద నేను సంతకం పెట్టటం నేర్చుకున్నా.

ఇరవై ఏళ్ళ నుంచి నాకొకటి అవుతా ఉంది. పొద్దున్నే బ్రష్షు ఎడమపక్క కింది దవడలోకి పోయి, ఆ చివరి పన్ను దగ్గర తిరిగిందంటే చాలు, నెత్తి మీద జల్లుమంటుంది. సరిగ్గా నడిమాడు మీద. చీమలు పాకినట్టు కాదు. దురద కాదు. నొప్పి అసలే కాదు. ఎవరో వెనక నిలబడి సన్నటి పుల్ల మొనతో నా జుట్టు పాయ తీస్తున్నట్టు ఉంటుంది. చల్లగా ఉంటుంది. మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడతాయి. బ్రష్షు తీస్తే ఆగుద్ది. మళ్ళీ అక్కడే పెడితే మళ్ళీ మొదలు. ఒక్కోరోజు అసలు రాదు. వచ్చినప్పుడు మాత్రం నాకు తెలీకుండానే మెడ లోపలికి ముడుచుకుంటాను, వాన పడతంటే తాబేలు ముడుచుకున్నట్టు.

చిన్నప్పుడు ఇది లేదు. మా మాదిగపల్లెలో బ్రష్షు ఎవరికుంది? పిడక కాల్చిన కచిక. లేదంటే యాపపుల్ల. పుల్ల నమిలి కుంచె చేసుకోవటం, తోముకున్నాక దాన్నే నిలువునా చీల్చి నాలిక గీసుకోవటం, చీలికలు గోడ మీద నుంచి విసిరెయ్యటం. ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాక ఎర్ర పళ్ళపొడి ఇచ్చారు. అదీ వేలితోనే. ఇంటర్లో చేరిన నెలకి మా నాయన ఒంగోలు బస్టాండు దగ్గర కొనుక్కొచ్చి ఇచ్చాడు, నా మొదటి బ్రష్షు. ఆకుపచ్చ పిడి. ఆ వారంలోనే మొదలైంది ఈ జల్లు. మెత్తటి వేలు చెయ్యని పని గరుకు కుచ్చు చేసింది.

ఎవరికి చెప్పినా ఒకటే నవ్వు. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల "నీకు నెత్తిలో పళ్ళున్నాయేమోనే" అంది. మా అమ్మ దిష్టి అని ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఉద్యోగంలో చేరాక ఒకసారి స్టాఫ్‌రూములో ఏదో మాటల్లో చెప్పాను. మా తోటి టీచరు ఒకాయన టీ తాగతా తాగతా, "మీకు పేస్టు పడటం లేదేమో మేడం, బొగ్గుతో తోమి చూడండి, అలవాటైన వస్తువు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డగా ఏమీ అనలేదు. అట్లా అననట్టు అనటమే ఇప్పటి పద్ధతి. ఆ తర్వాత నేనెవరికీ చెప్పలా.

చెప్పకపోయినా లోపల భయం మాత్రం ఉంది. దానికి కారణం మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆమెకి యాభై దాటినయ్. పొద్దున్నే పుల్ల నోట్లో పెట్టుకోగానే "ఓలమ్మో" అని కుడి చెంప పట్టుకుని కూలబడిపోయేది. మెరుపు మెరిసినట్టు ఒక్క క్షణం. పోయేది. మళ్ళీ పుల్ల తగిలితే మళ్ళీ. ముద్ద నమిలినా అంతే, మొగాన చన్నీళ్ళు పడ్డా అంతే, చివరికి గాలి తగిలినా అంతే. మా ఊరొచ్చే ఆర్‌ఎంపీ డాక్టరు పిప్పిపన్ను అన్నాడు. ఒకటి పీకించాడు. తగ్గలా. ఇంకోటి పీకించాడు. అట్లా నాలుగు పళ్ళు పోయినయ్. నొప్పి మాత్రం పోలా. పల్లెలో చేతబడి అన్నారు.

ఆ మెరుపుకి భయపడి ఆమె పళ్ళు తోముకోవటం మానేసింది. మొగం కడుక్కోవటం మానేసింది. పొలంలో కలుపు తీసేకాడ ఆసామి భార్య ముక్కు మూసుకుని, "మాదిగదానివి అనిపించావు కదే, పళ్ళు కూడా తోముకోవా" అందట. చూడండి ఎట్లా ఉంటదో. రోజూ పుల్లతో తోముకుని, పండక్కి పండక్కీ కుంకుడుకాయ రుద్దుకుని, యాభై ఏళ్ళు శుభ్రంగా బతికిన మనిషి. ఒక్క రోగం వచ్చి, వాళ్ళు మా గురించి ఎప్పటినుంచో ఏమనుకుంటున్నారో ఆమెని అదే చేసి కూర్చోబెట్టింది. నొప్పి కంటే ఆ మాట ఆమెని ఎక్కువ తిన్నది.

ఆఖరికి మా నాయన ఆమెని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలు అడిగి, ఇది పంటి రోగం కాదు, నరం రోగం అంది. మొహానికి పోయే నరాన్ని మొదట్లో ఒక రక్తనాళం ఒరుసుకుంటుంటే చాలామందికి ఇట్లా వస్తుందట. ఎక్కువగా యాభై దాటినవాళ్ళకి, ఎక్కువగా ఒక పక్కనే. కార్బమజెపిన్ అనే బిళ్ళలు ఇచ్చింది. మూర్ఛకి ఇచ్చేవి కూడా అవేనట. వారం తిరిగేసరికి పెద్దమ్మ అన్నం నమిలి తిన్నది. పుల్ల నోట్లో పెట్టుకుంది. పీకించిన నాలుగు పళ్ళు మాత్రం తిరిగి రాలా. అవి మంచి పళ్ళు.

అందుకని నాకు నెత్తిన జల్లుమన్నప్పుడల్లా, ఇది పెద్దమ్మ రోగం మొదలేమో, నెత్తి నుంచి దవడకి దిగుద్దేమో అని ఉండేది. మా ఇంట్లో జీతం ఒక్కటే, నాది. నేను మంచాన పడితే ఆ ఇల్లు మళ్ళీ వేలిముద్రల కాడికి పోద్ది. ఆ లెక్క మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2022 ఎండాకాలం సెలవుల్లో గుంటూరు పోయి నరాల డాక్టరుకి చూపించుకున్నా. నా కంటే చిన్నవాడే. ఓపిగ్గా విన్నాడు. నవ్వలేదు.

"నొప్పా అండీ?"

"కాదండీ."

"కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుందా?"

"ఉండదు."

"మొహంలో ఎక్కడన్నా మొద్దుబారిందా? చూపులో, మాటలో తేడా ఏమన్నా?"

"లేదండీ."

"పళ్ళు తోముకోనప్పుడు వస్తుందా?"

"ఎప్పుడూ రాలేదు."

దూది ముక్కని సన్నగా మెలిపెట్టి నా నుదుటికి ఆనించాడు. తర్వాత చెంపకి, తర్వాత గడ్డానికి, రెండు పక్కలా. తెలుస్తుందా అని అడిగాడు. అన్నిచోట్లా తెలిసింది. నా రెండు వేళ్ళు కణతల మీద పెట్టించి పళ్ళు గట్టిగా కొరకమన్నాడు. వేళ్ళ కింద కండ లేచి పడింది. మీరూ పెట్టి చూడండి, తెలుస్తుంది. దవడని లాగే కండ ఆ కణత మీదే విసనకర్రలా పరుచుకుని ఉంటుందట. నోరు ఆడితే నెత్తి పక్కల కండ కూడా ఆడుద్దన్నమాట.

తర్వాత చీటీ వెనక బొమ్మ గీశాడు. మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులు పన్నెండు జతలు. అందులో ఐదో జత ట్రైజెమినల్. మా తెలుగు మీడియం పుస్తకాల్లో త్రిధార నాడి అని చదువుకున్నా దాన్ని. పరీక్ష కోసం బట్టీ కొట్టిన మాట, నా తల మీదే పాకుతుందని ఆనాడు ఎవరూ చెప్పలా. మూడు పాయలు దానికి. ఒక పాయ నుదుటి మీదుగా పైకి పాకి నడినెత్తి దాకా పోద్ది. రెండో పాయ పై పళ్ళకి. మూడో పాయ కింది పళ్ళకి. ఆ మూడోదాని కొమ్మే ఒకటి చెవి ముందునుంచి కణత మీదికి ఎక్కుద్ది. తల వెనక భాగానికి మాత్రం మెడలోంచి వచ్చే నరాలు వేరే ఉన్నాయి. కానీ ఇవన్నీ తెచ్చిన కబుర్లు దించేది ఒకేచోట, మెదడు కాడ దిగువన, మెడ మొదట్లో.

"రెండు ఊళ్ళ ఉత్తరాలు ఒకే పోస్టాఫీసుకి వచ్చినట్టు అనుకోండి. ఒక్కోసారి ముద్ర సరిగ్గా కనపడదు. పంటి దగ్గర్నుంచి వచ్చిన కబురుని మెదడు మాడు దగ్గర్నుంచి వచ్చిందనుకోవచ్చు. మీది అట్లాంటిదే అయ్యుంటుంది. స్కానింగు ఇప్పుడు అక్కర్లేదు, వేలకి వేలు ఎందుకు తగలెయ్యటం? షాకులాంటి నొప్పి వచ్చినా, ఒక పక్క మొద్దుబారినా అప్పుడు వెంటనే రండి" అన్నాడు.

ఐదోది అనగానే నాకు నవ్వొచ్చింది. ఆయనకి ఎందుకో అర్థం కాలా. నాలుగు వర్ణాల అవతల ఉన్నోళ్ళం, ఐదోవాళ్ళం, పంచములం అని కదా మమ్మల్ని రాశారు. తలలోంచి బయల్దేరే పన్నెండు జతల్లోకీ పెద్దది ఆ ఐదోదేనట. మొహం మీద ఏ దెబ్బ పడ్డా, ఏ చెయ్యి తగిలినా కబురు మోసేది అదేనట. మోత పని దానికీ తప్పలా.

బస్సులో తిరిగొస్తా అనుకున్నా. నరం సంగతి తేలింది. జల్లుమనటం సంగతి తేలింది. మరి మెడ ముడుచుకోవటం? దాన్ని గురించి ఆయన అడగలా, నేనూ చెప్పలా. అది ఏ పోస్టాఫీసు నుంచి వస్తుందో నాకు తెలుసు గనక.

మా ఊరి బళ్ళో సోమవారం సోమవారం తనిఖీ ఉండేది. గోళ్ళు, పళ్ళు, పేలు. నేను రెండో తరగతిలో ఉన్న 1996 నుంచి ఐదో తరగతి అయిన 2000 దాకా ఒక్క సోమవారం తప్పలేదు. ఊళ్ళో పిల్లల్ని సారు చేత్తో చూసేవాడు. గడ్డం పట్టుకుని "ఏదీ, ఈ అను" అనేవాడు. మా పల్లె పిల్లలం గోడవారన వేరే వరస. మా దగ్గరికి వచ్చేసరికి చేతిలోకి బెత్తం వచ్చేది. బెత్తం మొనతో పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు. అదే మొన తీసి నెత్తిన పెట్టి, జుట్టు పాయ తీసి పేలు చూసేవాడు. పేను కనపడితే ఒక దెబ్బ. చిగుళ్ళ దగ్గర కచిక నల్లగా కనపడితే ఒక దెబ్బ. ఏమీ కనపడకపోయినా ఒక్కోసారి ఒకటి. ఆ మొనే పక్క పిల్ల నోట్లోకి పోయేది. పదకొండు మందిమి మేము. పదకొండు నోళ్ళు, పదకొండు నెత్తులు, ఒకటే బెత్తం. దాన్ని మాకు శుభ్రత పాఠం అన్నారు.

నాకు దెబ్బలు గుర్తు లేవు. నిజంగానే లేవు. దెబ్బకి ముందు ఆ మొన నెత్తి మీద నడవటం గుర్తుంది. నోరు తెరిచి, పళ్ళు బయటపెట్టి, మెడ ముడుచుకుని, పడుద్దో పడదో తెలీక నిలబడ్డం గుర్తుంది. పళ్ళు చూపించాక నెత్తి వంతు అని నా ఒళ్ళు నేర్చుకుంది. ఎక్కాలు ఎట్లా నేర్చుకుందో అట్లాగే.

నేను సైన్సు చెప్పేదాన్ని. దీనివల్లే అది వచ్చిందని రుజువు చెయ్యలేను, చెయ్యను కూడా. నరం సంగతి డాక్టరు చెప్పాడు. మెడ సంగతి నేను చెప్తున్నా.

అసలు మా నెత్తి మీద ఎవరి చెయ్యి పడింది గనక? మా ఊరి మంగలి పల్లెలోకి వచ్చేవాడు కాదు. మావోళ్ళే ఒకరికొకరు కత్తిరించుకునేవాళ్ళు, మా నాయన కత్తెరకి మా బజారంతా తలలొంచేది. అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్ననాటి సంగతి రాసుకున్నాడు. సతారాలో ఏ మంగలీ వాళ్ళకి జుట్టు కత్తిరించడు. ఆ పని ఇంట్లో అక్క చేసేదట, చేసీ చేసీ ఆరితేరిందట. చదివినప్పుడు నాకు ఆ మహానుభావుడి కోటూ, కళ్ళజోడూ కనపడలా. అక్క ముందు తలొంచుకుని కూర్చున్న పిల్లోడు కనపడ్డాడు.

మా నెత్తి ముట్టుకోవటానికి పనికిరాలా గానీ, గొరగటానికి మాత్రం పనికొచ్చింది. బళ్ళో ఆ బెత్తం నా నెత్తి మీద నడుస్తున్న రోజుల్లోనే, 1996 డిసెంబరు 29న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల్ని హింసించి వాళ్ళలో ఇద్దరికి గుండు గీయించారు. తీర్పు 2024 ఏప్రిల్లో వచ్చింది. పద్దెనిమిది నెలల శిక్ష. ఆనాడు రెండో తరగతి చదివే పిల్ల ఆ తీర్పు నాటికి పన్నెండేళ్ళ సర్వీసున్న టీచరు. మధ్యలో 2020 జూలైలో అదే జిల్లా సీతానగరంలో పోలీసు స్టేషన్లోనే ఇంకో దళిత కుర్రోడికి గుండు గీయించారు. ఆ వార్త చదివిన పొద్దున నాకు పళ్ళు తోముకోకుండానే జల్లుమంది. డాక్టరు దగ్గర అబద్ధం చెప్పలేదు నేను, ఇది ఆ జల్లు కాదు. ఇది ఏ నరమో నాకు ఎవరూ బొమ్మ గీసి చూపించక్కర్లేదు.

ఇదంతా మా అమ్మకి చెప్పాను, గుంటూరు నుంచి వచ్చిన రాత్రి.

"నీకెప్పుడన్నా అట్లా అయ్యిద్దా అమా, పళ్ళు తోముకునేటప్పుడు?"

"నా నెత్తికేం తెలుసుద్దే" అంది. "ఎరువు గంపలు, పొగాకు మోపులు మోసీ మోసీ మాడు ఏనాడో మొద్దుబారింది. ఏదీ, చెయ్యి పెట్టు."

పెట్టాను. చుట్టకుదురు కూర్చునే చోట, అరచేతి మందాన, వెంట్రుకల్లేవు. కుండ అడుగులా నున్నగా ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఆమె కూతుర్ని నేను. కొప్పు కింద కప్పెట్టుకున్న ఆ చోటు నా చేతికి అదే మొదలు. గిల్లాను. "గిల్లావా?" అంది, నా వేళ్ళ వంక చూసి. తెలిసి కాదు, చూసి.

"చిన్నప్పుడు నీకు పళ్ళు నేనేగా తోమింది. ఒక చేత్తో నీ మాడు పట్టుకోకపోతే నిలబడేదానివా నువ్వు? కచిక మింగేదానివి" అంది మళ్ళీ.

ఆ మాట నన్ను పట్టుకుంది. అవును. ఎడమ చెయ్యి నా నడినెత్తి మీద బిగించి, కుడి చూపుడువేలికి కచిక అద్దుకుని దవడ చివరిదాకా రుద్దేది. "కదలమాకే, కదలమాకే" అంటా. అంటే పళ్ళకీ మాడుకీ ముడి వేసింది ముందు బెత్తం కాదు, మా అమ్మ చెయ్యి. బెత్తం ఆ తర్వాత వచ్చి ఆ ముడి మీద కూర్చుంది. ఒకే చోట రెండూ ఉన్నాయి. ఏది ఏదో విడదీయటం ఏ డాక్టరుకి చాతనవుద్ది?

ఇంకొకటి కూడా ఆ రాత్రే తట్టింది. మోత లేని నెత్తి మా వంశంలో నాదే మొదలు. మా అమ్మమ్మ నెత్తికి తెలీదు, మా అమ్మ నెత్తికి తెలీదు. నా నెత్తికి తెలుస్తుంది. పొద్దున పొద్దునా జల్లుమంటే విసుక్కున్నా గానీ, తెలియటం కూడా సంపాదించుకోవాల్సిన ఆస్తే మాకు.

మా తమ్ముడి కూతురు ఇంజినీరింగు చదువుతా ఉంది. దాని ఫోన్లో ఒకటి చూపించింది. గుసగుసలు, కాగితం గరగర, దువ్వెన సరసర, బ్రష్షు చప్పుడు. ఇవి చెవిలో పెట్టుకుని వింటే కొందరికి నెత్తి జల్లుమని, హాయిగా ఉంటుందట. ఏ.ఎస్.ఎమ్.ఆర్ అని 2010లో పేరు పెట్టారు దానికి. 2015లో బ్రిటన్లో ఇద్దరు పరిశోధకులు అట్లాంటివాళ్ళని 475 మందిని అడిగి పత్రం రాశారు. చాలామందికి మాడు వెనక మొదలై వెన్నులోకి దిగుద్దట. నిద్ర పట్టటానికి, దిగులు తీరటానికి వింటారట. నాది అదేనని చెప్పను, నాకు చప్పుడుతో రాదు. కానీ నోరెళ్ళబెట్టి చూశాను. నేను భయపడి గుంటూరు పోయిన జల్లులాంటి దానికోసం ప్రపంచంలో మనుషులు రాత్రిళ్ళు వెతుక్కుంటున్నారు. జల్లుమంటే వాళ్ళు కళ్ళు మూసుకుంటారు. నేను మెడ ముడుచుకుంటా. చలికీ, భయానికీ, సంతోషానికీ వెంట్రుకని లేపే కండరం ఒక్కటే. లేచాక మనిషి ఏం చేస్తాడనేది ఆ కండరం చేతిలో లేదు.

ఇది నిజమో కాదో నా బళ్ళోనే తేలింది.

ఊళ్ళో ఉన్నోళ్ళ పిల్లలు కాన్వెంటు బస్సెక్కుతున్నారు. మా బడికి వచ్చేది పల్లె పిల్లలు, బీసీల పిల్లలు, కౌలు చేసుకునే ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ళ పిల్లలు. నా గదిలో బెత్తం లేదు. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసింది 17వ అధికరణం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది 17వ సెక్షను. రెండూ పదిహేడే. ఆ బెత్తం మా నోట్లో ఉన్న నాటికి రెండోది లేదు. మొదటిది ఉంది, 1950 నుంచి ఉంది. ఉన్నా బెత్తం ఆగలా. కాగితం మీద పదిహేడు ఎంత ఉందో చూస్తారు అందరూ. నేను పిల్లల మెడలు చూస్తాను.

నా గదిలో అద్దం ఉంది. పళ్ళ పాఠం వచ్చినప్పుడు ఎవరి పళ్ళు వాళ్ళే అద్దంలో చూసుకుంటారు. పోయిన ఏడాది అందరికీ తలా ఒక బ్రష్షు కొనిచ్చి కుళాయి దగ్గర తోమించాను. పైపళ్ళు పైనుంచి కిందకి, కిందిపళ్ళు కిందనుంచి పైకి. అప్పుడు అడిగాను, "తోముకుంటుంటే నోట్లో కాకుండా ఇంకెక్కడన్నా ఏమన్నా అనిపిస్తా ఉందా?" అని. చాలామంది ఏమీ లేదన్నారు. ఒకడు చెవిలో దురదన్నాడు. ఒకమ్మాయి కళ్ళెంట నీళ్ళొస్తున్నాయంది. ఊరి కౌలురైతు కొడుకు, నాలుగో తరగతి, నురగ నోటితోనే, "నెత్తి మీద గులగుల అంటా ఉంది టీచర్" అన్నాడు.

నా గుండె ఒక్కసారి ఆగింది. వీడి నెత్తి మీద ఏ బెత్తమూ నడవలా. వీడి నాయన నెత్తి మీదా నడిచి ఉండదు. అయినా వచ్చింది. డాక్టరు చెప్పింది నిజమే. నరం ఊరికీ పల్లెకీ ఒకటే వేశారు. నేను వాడి మెడ చూశా. ముడుచుకోలా. తల పైకెత్తి, ఆకాశం వంక చూస్తా, పళ్ళికిలిస్తా తోముకుంటున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. జల్లు ఎవరికైనా వస్తుంది. దాని వెనకాలే వచ్చే జంకు మాత్రం మాది. జల్లు ఇచ్చింది ఒళ్ళు. జంకు ఇచ్చింది ఊరు. ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నా. జల్లుకి మందు అక్కర్లేదు. జంకుకి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. ఉంటే బళ్ళోనే ఉండాలి.

ఆ వరస చివర పల్లె పిల్ల ఒకతి, ఐదో తరగతి, వాళ్ళమ్మ ఇప్పటికీ మోపులు మోస్తది. పెద్దగా మాట్లాడదు. బ్రష్షు దవడ చివరిదాకా పోనిచ్చి, టక్కున ఆగి, ఖాళీ చేత్తో నడినెత్తి తడుముకుంది. నేను ఊపిరి బిగబట్టి దాని మెడ వంకే చూస్తున్నా. అది నా వంక చూసి కిసుక్కున నవ్వింది. నురగంతా గౌను మీద పడింది.

"నాక్కూడా అయ్యింది టీచర్. భలే ఉంది. ఇంకోసారి తోముకోనా?"

తోముకోమన్నాను.